ట్యాపెట్ కవర్ మీద బొట్టు

"నేనే చంపినానక్కా. రాసుకో. ఇంకేమీ అడగద్దు."

పొద్దుటి నుంచీ మాదేశ్ నోట ఈ మాట తప్ప మరొకటి రావడం లేదు. డిటెక్టివ్ తార పెన్ను మూత తీయలేదు. ఎదుటి బెంచీ మీద ముడుచుకుని కూర్చున్న ఆ మనిషి చేతుల వైపే చూస్తూ ఉంది. గోళ్ల సందుల్లో ఆయిలు మరక. ఎన్ని నీళ్లతో కడిగినా వదలదు అది.

"నువ్వు చంపినావో లేదో నేను చెప్తాను. ఏం చేసినావో మాత్రం నువ్వు చెప్పు," అంది తార.

"చెప్తే మా బావ లేసొస్తాడా?"

"రాడు. కానీ రేపు మీ నాయనకి కర్మ. చెయ్యాల్సిన కొడుకువి నువ్వు ఈడ కూర్చోని ఉండావు."

మాదేశ్ తల ఇంకా కిందికి దిగిపోయింది.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు. అంగాళమ్మ ఇంట్లో జరిగింది అంతకంటే ఎక్కువే. మూకండపల్లిలో ఇంటి వెనకే మెకానిక్ షెడ్డు పెట్టి బతికిన ఆమె భర్త తిమ్మరాయప్ప జబ్బు చేసి పోయాడు. ఆ మైల తీరక ముందే అల్లుడు వరదప్ప రోడ్డు మీద పోయాడు. అల్లుడి చావుకు కారణం నువ్వేనంటూ నిన్న సాయంత్రం పోలీసులు కొడుకు మాదేశ్‌ను పట్టుకుపోయారు.

వరదప్ప నడిపింది హోసూరు పూల వ్యాపారి శ్రీనివాస గారి పెట్రోల్ పికప్ ట్రక్కు. ఇంజన్‌లో శబ్దం వస్తోందని దాన్ని మాదేశ్ చేత బాగు చేయించారు. మరునాడు తెల్లవారుజామున రోజాపూల లోడుతో కృష్ణగిరికి బయలుదేరితే, శూలగిరి దాటాక హైవే మధ్యలో ఇంజన్ ఆగిపోయింది. మంచులో వెనుక వస్తున్న లారీకి నిలిచిపోయిన బండి కనపడలేదు.

సాయంత్రం మాదేశ్‌ను మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అక్కడ కూడా ఇదే మాట అన్నాడంటే ఇక అంగాళమ్మకు కొడుకు దక్కడు. "నా బిడ్డని రేపటికి ఇంటికి తే తల్లీ" అని ఆ ముసలామె నిన్న రాత్రి ఫోన్‌లో ఏడ్చిన ఏడుపు తార చెవుల్లో ఇంకా ఉంది.

"శబ్దం ఎట్ల ఉండేది?" తార మెల్లగా అడిగింది.

పని సంగతి అడిగేసరికి మాదేశ్ గొంతు కాస్త నిలబడింది. "పొద్దున స్టార్ట్ చేస్తానే గరగరా అనేది. డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్ల. రవ్వంతసేపటికి ఆయిలు పైకెక్కితే తగ్గిపోయేది."

"దేని శబ్దం?"

"క్యామ్ ఫేజర్‌ది. టైమింగ్ చైను తిప్పే పళ్ల చక్రం ఉంటుంది కదక్కా, అది. వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాల అనేది రవ్వంత ముందుకీ వెనక్కీ జరుపుతుంది. లోపల దాన్ని పట్టి ఉంచే పిన్ను ఒకటి ఉండాది. అది అరిగిపోతే ఊగులాడి కొట్టుకుంటుంది. చైను కూడా సాగిపోయి ఉన్నింది. చైను, దాన్ని బిగించే టెన్షనరు, ఫేజరు, అన్నీ కొత్తవే వేసినాను."

"వేసినాక స్టార్ట్ చేసి చూసినావా?"

"చూడకుండా ఎట్ల? పిల్లి అడుగేసినట్ల నడిచింది. బావ కూడా విన్నాడు. 'మామ పోయినా మామ చెయ్యి పోలేదురా మాదేశా' అన్నాడు." ఇక్కడ మాదేశ్ ఆగి మోచేత్తో ముఖం తుడుచుకున్నాడు. "నాయన చేతి కింద నేర్చుకున్న పని. నాకంటే మా నేత్రక్కకే చెయ్యి బాగా తిరిగేది. పెళ్లయినాక ఆమె షెడ్డు మొహం చూడలేదు."

నేత్ర అంటే వరదప్ప భార్య. ఒకే పక్షంలో తండ్రినీ భర్తనూ పోగొట్టుకున్న మనిషి.

"పాత సామాను ఏం చేసినావు?"

"అందరూ చేసేదే. కొత్త సామాను వచ్చిన డబ్బాలోనే పాతవి పెట్టి, పురికొస కట్టి, బండి సీటు కింద పెట్టినాను. మార్చినామో లేదో ఓనరు చూసుకోవాల కదా. పొద్దున బావే మండీలో శ్రీనివాసన్నకి ఇచ్చినాడు."

"రాత్రి బండి యాడ ఉన్నింది?"

"షెడ్డులోనే. తాళం ఇంట్లో మేకుకి తగిలించి ఉంటుంది."

తార ఏ కేసులోనైనా తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. పోయినవాళ్లు ఆఖరుసారి ఏమన్నారు? చాలామందికి అది గుర్తుండదు. గుర్తున్నవాళ్లు జన్మలో కోలుకోరు.

"వరదప్ప నీతో ఆఖరున ఏమన్నాడు?"

మాదేశ్ గోడవైపు తిరిగి చెప్పాడు. "దారిలో నుంచి ఫోన్ చేసినాడు. 'మాదేశా, స్టార్ట్ చేస్తానే గరగర మళ్లీ వచ్చిందిరా, వెనక్కి తిప్పేదా?' అన్నాడు. నేనేమంటిని? 'కొత్త సామాను బావా, ఆయిలు పట్టేదాకా అట్లనే ఉంటుంది, పో, పూలు వాడిపోతాయి' అంటిని. తిప్పు అని ఉంటే బతికేవాడు. నా పని మీద నాకు అంత పొగరు."

తార పెన్ను సంచిలో వేసుకుంది.

"ఇంకొకటి కూడా చేసినానక్కా పాపం. పని ముగిస్తే ఇంజనుకి పసుపు కుంకుమ పెట్టి పంపేది మా నాయన నాటి నుంచీ వాడిక. ఆ దినం పెట్టలేదు. నాయన పోయి పది దినాలు కాలేదు కదా, మైల చేత్తో బొట్టు ఎట్ల పెట్టేది? మా షెడ్డులో బొట్టు లేకుండా పోయిన మొదటి ఇంజను అదే. అందుకే మనిషిని తీసుకొని పోయింది."

*

అదే స్టేషన్ కాంపౌండు మూలలో ట్రక్కు ఉంది. వెనుక భాగమంతా నలిగి డ్రైవరు సీటు మీదికి వచ్చేసింది. ముందువైపు మాత్రం గీత కూడా పడలేదు. బానెట్ ఎత్తి ఉంది. ఇంజన్ పైన ఉండే మూతను మెకానిక్కులు ట్యాపెట్ కవర్ అంటారు. దాన్ని విప్పి పక్కనే గోనెసంచి మీద వెల్లకిలా పడేశారు.

ఇంజన్ మీద వంగి ఉన్న మనిషి తల ఎత్తకుండానే అన్నాడు. "లేట్ అయిపోయినారు మేడమ్. ఈడ చూసేదానికి ఇంకేమీ లేదు."

"నువ్వు చూసి వదిలేసిందే శ్రేయస్, నాకు ఎప్పుడూ కావాల్సింది."

ఇన్సూరెన్సు వాళ్ల తరపున వచ్చిన పరిశోధకుడు అతను. ఒకప్పుడు తార దగ్గరే పని నేర్చుకున్నాడు. అప్పట్లో అక్కా అని పిలిచేవాడు. ఒకరోజు మధ్యాహ్నం ఆఫీసు తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఎందుకని ఆమె అడగలేదు, అతనూ చెప్పలేదు. ఆ తర్వాత వేరే కుర్రవాణ్ణి పెట్టుకోవడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

"చూడండి," అంటూ శ్రేయస్ టార్చి వేశాడు. "బిల్లులో కొత్త క్యామ్ ఫేజర్. ఇంజన్‌లో ఉండేది పాతది. పళ్లు అరిగి మెరుస్తా ఉండాయి, లోపలి పిన్ను ఊగులాడుతా ఉంది. దీన్ని పట్టి ఉంచే బోల్టు వదులైపోయింది. ఫేజరు జారింది, టైమింగ్ తప్పింది, ఇంజన్ ఆగింది. మీ మెకానిక్ కొత్తది కొట్టేసి పాతదే తిరిగి బిగించినాడు. కేసు ముగిసింది."

"బోల్టు ఎట్ల వదులైంది?"

"అది సాగే రకం మేడమ్. ఒకసారి బిగించింది విప్పితే పారెయ్యాల్సిందే. రెండోసారి బిగిస్తే పట్టు నిలవదు. ఇప్పటి ఇంజన్లన్నీ ఇట్లనే. బిల్లులో కొత్త బోల్టు ఒక్కటే ఉంది. వేసినాడు, విప్పినాడు, దాన్నే మళ్లీ వేసినాడు."

"మాదేశ్‌కి తెలియదంటావా ఆ సంగతి?"

"తెలిసీ చేసినాడు. అందుకే అది పొరపాటు కాదు, మోసం. నేను రాసేది అదే."

"కొత్త ఫేజరు యాడ మరి?"

"అమ్ముకొని ఉంటాడు. దొంగ సొత్తు యాడుందో దొంగనే అడగాల."

తార అప్పటికే శ్రీనివాస గారికి ఫోన్ చేసి ఉంది. పూల మండీ శ్రీనివాస రావడం రావడమే సణుక్కుంటూ వచ్చాడు. "ఏందమ్మా, ముహూర్తాల సీజన్‌లో మండీ వదిలి రమ్మంటారు. పాత ఇనుము కోసం ఇంత దూరమా?" అంటూ అట్టడబ్బా ఒకటి బానెట్ అంచున పెట్టాడు. పైన పురికొస అట్లాగే ఉంది. "విప్పను కూడా లేదు. వరదప్ప ఇచ్చినాడు, బల్ల కిందకి తోసినాను. పాపం, డబ్బా చేతికిచ్చి 'వస్తానన్నా' అన్నాడు. వస్తాను అనే పోతారమ్మా అందరూ."

"పురికొస మీరే విప్పండి," అంది తార. "మేమిద్దరం చూస్తాం."

సాగిన చైను, పాత టెన్షనర్ బయటికి వచ్చాయి. వాటి కింద నుంచి శ్రీనివాస మూడో వస్తువును పైకెత్తాడు. పళ్లు పదునుగా ఉన్నాయి. ఒక్క చోట కూడా అరుగుదల లేదు.

"ఇది పాతదా?" అన్నాడు ఆయన, అయోమయంగా.

తార ఆ ఫేజర్‌ను అందుకుని చీర కొంగు మీద వంచింది. రంధ్రం లోంచి చిక్కటి ఆయిలు చుక్క జారి గుడ్డ మీద పరుచుకుంది.

"డబ్బాలో నుంచి నేరుగా వచ్చిన కొత్త సామానులో ఇంజన్ ఆయిలు ఉండదు శ్రేయస్. ఇది లోపలికి పోయి తిరిగి వచ్చింది. మాదేశ్ వేసినాడు, స్టార్ట్ చేసినాడు, వరదప్ప విన్నాడు. ఆ తర్వాత ఎవరో దీన్ని విప్పి పాతది పెట్టినారు. దొంగ అయితే కొత్తది సంచిలో వేసుకొని పోతాడు. డబ్బాలో పెట్టి, పురికొస కట్టి ఓనరుకి పంపే దొంగని ఎప్పుడైనా చూసినావా?"

"అయితే ఏంటికి మార్చినట్ల?"

"శబ్దం మళ్లీ రావాలని. అంతకంటే ఏముంది ఆ పాత ఫేజర్‌లో?"

"మీ వాడే మార్చలేదని ఏం గ్యారంటీ?" శ్రేయస్ గొంతు పెద్దది చేశాడు. "మేడమ్, మీరు ముందు మనిషి మీద జాలి పడతారు, తర్వాత సాక్ష్యం వెతుక్కుంటారు. అప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే. మీ దగ్గర నుంచి నేను ఏంటికి పోయినానో ఇప్పుడైనా తెలిసిందా?"

తగలవలసిన చోటే తగిలింది ఆ మాట. తార కిందికి వంగి, గోనెసంచి మీది ట్యాపెట్ కవర్‌ను రెండు చేతులతో పట్టి బోర్లించింది. ఆయిలు నింపే మూత పక్కన, అడ్డంగా పూసిన పసుపు. దాని మీద గుండ్రంగా కుంకుమ. చమురు తగిలి నల్లబడింది కానీ చెరగలేదు.

సాక్ష్యం కావాలన్నాడు కదా!

"ఇదిగో, చూడు!" అంది, పట్టరాని ఆత్రంతో. "మాదేశ్ ఇంట్లో తండ్రి పోయిన మైల. పది దినాలు దాటేదాకా కొడుకు చేత్తో పసుపు కుంకుమ ముట్టడు. ఈ ఇంజనుకి బొట్టు పెట్టలేదని వాడు ఇప్పుడే లోపల కుమిలి కుమిలి ఏడ్చినాడు. మరి ఈ బొట్టు యాడ నుంచి వచ్చింది? ఇంజన్‌ని ఆఖరున మూసింది మాదేశ్ కాదు. మైల లేని మనిషి ఎవరో మూసినారు!"

శ్రీనివాస "అవునమ్మా, అవును" అంటూ చెంపలు వేసుకున్నాడు. శ్రేయస్ వంగి బొట్టును ఫోన్‌తో ఫోటో తీశాడు. నిటారుగా నిలబడి, నెమ్మదిగా, ఒకప్పుడు ఆమె నేర్పిన పద్ధతిలోనే అడిగాడు.

"సరి. ఆ ఇంటికి నేనూ పోయి వచ్చినాను. షెడ్డు తాళం ఇంట్లోనే ఉంటుంది. ఇంజన్ విప్పడం తెలిసిన మనిషి. తిమ్మరాయప్ప నేర్పిన వాడిక చేతికి పట్టిన మనిషి. కొడుక్కి మైల, భార్యకి మైల. ఆ ఇంట్లో మైల లేనిది ఎవరికి మేడమ్?"

తార కవర్‌ను తిరిగి గోనెసంచి మీద పెట్టింది.

పెళ్లయిన కూతురికి తండ్రి మైల మూడు దినాలే. మూడో దినం తలంటుకుంటే ఆమె దీపం పెట్టుకోవచ్చు. ఎవరికైనా బొట్టు పెట్టవచ్చు.

"నాకు తెలియదు," అంది. ఆ అబద్ధం ఆమెకే గరుకుగా వినిపించింది.

"పరవాలేదు. మాదేశ్‌కి తెలిసి ఉంటుంది," అంటూ శ్రేయస్ ఫోన్ పట్టుకుని స్టేషన్ మెట్లు ఎక్కాడు.

"శ్రేయస్! ఆగప్పా! వాడికి చూపించద్దు!"

అతను ఆగలేదు. లోపలికి పరుగెత్తి అడ్డుపడాలా, మూకండపల్లికి పరుగెత్తాలా? తార తన ఫోన్‌తోనూ బొట్టును ఫోటో తీసుకుని కారు వైపు నడిచింది. సత్యం తెలిసిన సంతోషం లేదు. తాళం తీద్దామని పోయి తలుపు విరగ్గొట్టినట్టు ఉంది మనసు.

*

అంగాళమ్మ వాకిట్లోనే ఎదురైంది. "మాదేశు యాడ తల్లీ? వెనక వస్తా ఉండాడా?"

"నేత్రతో మాట్లాడాలమ్మా."

ముసలామె ముఖంలో ఏదో ఆరిపోయింది. పక్కకు జరిగింది. నడవలో రేపటి కర్మకు తెచ్చిన కొత్త కుండ, బియ్యం, అరిటాకులు ఒక పక్కగా సర్ది ఉన్నాయి. గోడ మూల నేత్ర మోకాళ్లు కౌగిలించుకుని కూర్చుని ఉంది. జుట్టు దువ్వి ఎన్ని రోజులైందో. నుదురు బోసిగా ఉంది.

తార ఎదురుగా నేల మీద చతికిలబడింది. ఫోన్‌లో తాను తీసిన ఫోటో తెరిచి ముందు పెట్టింది.

నేత్ర దాన్ని చూసి కళ్లు మూసుకుంది. "బొట్టు చూస్తివా అక్కా," అంది. అంతే. కాదనలేదు, ఎదురు ప్రశ్న వేయలేదు.

"ఏమే? ఏం బొట్టు?" అంగాళమ్మ ఇద్దరి ముఖాలూ చూసింది.

"నేనేమ్మా, ఇంజను విప్పింది నేను." నేత్ర తల్లి వైపు చూడకుండానే చెప్పింది. "నా మొగుడు ఆ లోడు కృష్ణగిరిలో దించి, బండి వేరే డ్రైవరుకి అప్పజెప్పి, అట్లనే గుజరాత్ పోయేదానికి ఉన్నాడు. పెద్ద లారీ డ్యూటీ. ఏడాదికి ఒకసారి వస్తాడంట. బ్యాగు కూడా సర్దినాడు. నాయన పదో దినం అయినా ఉండి పో అంటిని. కాళ్లు పట్టుకుంటిని. 'పిలిచినప్పుడు పోకపోతే పని ఉండదే' అన్నాడు. ఆయప్పకి ఇంజన్‌లో చిన్న శబ్దం వచ్చినా బండి తోలబుద్ధి కాదక్కా. గరగర వస్తే తిప్పుకొని వస్తాడు, మాదేశు మళ్లీ విప్పుతాడు, అంతలో కర్మ అయిపోతుంది అనుకుంటిని. ఐదు దినాలు. ఐదు దినాలు ఉంటే చాలనుకుంటిని."

"ఒక్కదానివే విప్పినావా?"

"పై కవరు తీసి, చైను జారకుండా నాయన చేసిన చెక్క చీల దిగేసి, ఫేజరు మార్చినాను. ముందు కవరు ముట్టే పని లేదు. చిన్నప్పుడు నాయన టార్చి పట్టుకోమనేవాడు. చూసి చూసి నేర్చుకున్నదే."

"బోల్టు?"

"దాంట్లో ఉన్నిందే వేసినాను. గట్టిగా బిగించినాను." నేత్ర కళ్లు తెరిచింది. "ఏంటికి? శబ్దానికి మనిషి పోతాడా అక్కా? అన్ని నెలలు శబ్దంతోనే తోలినాడు కదా? ఈ నాలుగు దినాలుగా అదే ఆలోచిస్తా ఉండాను."

చెప్పకుండా ఉండే దారి కోసం తార వెతికింది. దొరకలేదు. "అది పాత లారీల బోల్టు కాదమ్మా. ఒకసారి బిగిస్తే సాగిపోతుంది. రెండోసారికి పనికిరాదు. అది వదులై ఫేజరు జారింది."

"నాయన దగ్గర ఒకే బోల్టు ఎన్నిసార్లయినా వేసేవాళ్లం," అంది నేత్ర, చిన్నపిల్ల గొంతుతో. తన చేతుల వైపు చూసుకుంది. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చీర కింద దాచుకుంది.

"బొట్టు ఏంటికి పెట్టినావు తల్లీ?"

"మూసిన ఇంజన్‌ని బోడిగా ఎట్ల వదిలేది? చెయ్యి ఊరుకోలేదు. దాంట్లో ఎక్కేది నా మొగుడు కదా. చల్లగా పోయి చల్లగా తిరిగి రావాలని పెట్టినాను." ఆమె నవ్వినట్టు పెదవి వంకర పోయింది. "పొద్దున వాకిట్లో నిలబడి విన్నాను. స్టార్ట్ చేస్తానే గరగరమన్నింది. విన్నాడక్కా ఆయప్ప. విని కూడా పోయినాడు. నా దగ్గర ఉండేది అంత కష్టమా అని ఆ దినమంతా తిట్టుకుంటా ఉంటిని. తిడతా ఉండంగానే వార్త వచ్చింది."

తారకు మాదేశ్ చెప్పింది గుర్తొచ్చింది. ఈ మనిషిని ఈ ఒక్క మాటతోనైనా ఓదార్చవచ్చనుకుంది. అది ఓదార్పో కత్తో ఆలోచించే వ్యవధి లేకపోయింది.

"పోవాలనుకోలేదమ్మా. దారిలో నుంచి మాదేశ్‌కి ఫోన్ చేసినాడు. శబ్దం వస్తా ఉంది, వెనక్కి తిప్పేదా అని అడిగినాడు. మాదేశే వద్దన్నాడు."

"తిప్పేదా అన్నాడా?"

"అవును."

"తిప్పేదా అని, ఆయప్పే అన్నాడా?"

నేత్ర ముఖంలో ఒక్క క్షణం వెలుగు కనిపించింది. కొత్త పెళ్లికూతురిలా ఉంది ఆ క్షణం. ఆ వెంటనే అది పోయింది. అంతకుముందు ఉన్నది కూడా పోయింది. భర్త తనను కాదని వెళ్లాడన్న కోపం ఒక్కటే ఇన్నాళ్లూ ఆమెను కూర్చోబెట్టి ఉంచిందని, దాన్ని తానే లాగేసిందని తారకు అప్పుడు అర్థమైంది.

ఫోన్ మోగింది. శ్రేయస్. ఆ చిన్న నడవలో అతని గొంతు అందరికీ వినపడింది.

"అక్కా." ఆ పిలుపు ఎంత కాలానికి! "ఫోటో చూపించినాను. చాలాసేపు చూసినాడు. కళ్లలో నీళ్లు కారిపోతానే ఉండాయి. తర్వాత గట్టిగా చెప్పినాడు. ఆ బొట్టు నేనే పెట్టినాను, మైల గియిల ఏమీ పాటించలేదు, బావ మీద కోపం ఉండి బండి ఆగిపోవాలనే బోల్టు మార్చకుండా వేసినాను అని. సాయంత్రం దాకా ఆగను, ఇప్పుడే జడ్జి దగ్గరికి పిల్చుకొని పోండి అని తల గోడకేసి కొట్టుకున్నాడు. ఇందాకే జీపు ఎక్కించినారు. అక్కా, నేను చూపించకుండా ఉండాల్సింది. అబద్ధమని తెలుస్తానే ఉండాది. కానీ వాడు జడ్జి ముందు కూడా అట్లనే చెప్పేస్తే..."

తార ఫోన్ దించేసింది.

మొదట లేచింది అంగాళమ్మ. నడుము పట్టుకుంటూ, గోడ ఆనుకుంటూ వీధి తలుపు దగ్గరికి వెళ్లి గడియ వేసింది. వీపు తలుపుకు ఆనించి గడప మీద కూలబడింది.

"నా కొడుకుని తెమ్మని పిలిస్తిని తల్లీ నిన్ను. కూతుర్ని కూడా తీసుకొని పొమ్మని కాదు."

"నిజం చెప్పకపోతే మాదేశ్‌ని హంతకుడు అంటారమ్మా! కావాలని చేసినాడని రాసుకుంటారు!"

"రాసుకోనీ. వాడు మగోడు. ఎన్నేండ్లకైనా తిరిగొస్తాడు." ముసలామె గొంతులో ఏడుపు లేదు, అరిగిన రాయిలా ఉంది. "ఇది జైలు దాకా కూడా పోదు. నా కడుపున పుట్టింది, నాకు తెల్దా? మొగుణ్ణి నేనే చంపుకుంటిని అని నలుగురిలో చెప్పి, ఆ మీదట బతికి ఉంటుందా ఇది? చూసింది మరిచిపో. నీ కాళ్లు మొక్కుతాను."

"మరిచిపోతే రేపు మీ ఆయన కర్మ ఎవరు చేస్తారమ్మా?"

"చెయ్యకపోతే ఆయన దయ్యమై వచ్చి నన్ను పట్టుకోనీ. బతికున్న బిడ్డ ముఖ్యం నాకు." చేతులు రెండూ గడప మీద ఆనించి ఆమె తార కాళ్ల వైపు వంగబోయింది.

తార ముందుకు వచ్చి ఆ చేతులు పట్టుకుంది. ఎముకలు తప్ప ఏమీ లేవు వాటిలో. ఒక బిడ్డను విడిపించాలంటే రెండో బిడ్డను అప్పజెప్పాలి. ఎవరికీ అప్పజెప్పకుండా ఉండాలంటే ఆ మధ్యాహ్నం అంతా వెనక్కి తిరగాలి. ఆ పిడికెడు చేతులను పట్టుకుని ఆమె కూడా అక్కడే మోకాళ్ల మీద కూర్చుండిపోయింది. ఇద్దరూ ఏడ్చారు. ఎంతసేపో.

చల్లటి గాలి వీపుకు తగిలినప్పుడు తార ఉలిక్కిపడింది. వీధి తలుపు గడియ వేసి ఉంది కదా, ఈ గాలి ఎక్కడిది?

తల తిప్పి చూసింది. గోడ మూల ఖాళీగా ఉంది. వెనకవైపు, షెడ్డులోకి పోయే తలుపు బార్లా తెరిచి ఉంది. షెడ్డు అవతలి తలుపు కూడా తెరిచే ఉంది. దాని వెనక ఎవరూ లేని సందు. ఒక చివర కృష్ణగిరి బస్సులు ఆగే రోడ్డు. మరో చివర రైలు పట్టాలు.

నేత్ర చెప్పులు షెడ్డు గడప పక్కనే ఉన్నాయి.

అంగాళమ్మ తలుపుకు ఇంకా గట్టిగా వీపు ఆనించి, కళ్లు మూసుకుని ఉంది. "ఈ దారి నేను చూసుకుంటాను," అంది. "అది యాడికీ పోకుండా నువ్వు దాన్ని చూసుకో తల్లీ. ఏం చేస్తా ఉండాది అది? ఏడుస్తా ఉండాదా?"